ఫ్యాన్ ఇటు తిప్పండి సార్

మొన్న నెల్లూరులో డాక్టరమ్మ నా కాగితాలు చూసి, "మీకు యాభై దాటింది గదమ్మా, ఇక ఈ బిళ్ళ మెల్లగా తగ్గించి ఆపేద్దాం" అంది. సరేనని తలూపి బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడిపోయాను. ఏళ్ళ తరబడి రోజూ పొద్దున టిఫిను తిన్నాక మింగుతున్న బిళ్ళ అది. ఇక అక్కర్లేదంటే సంతోషించాల్సిన మాటే. కానీ నాకు సంతోషం కంటే ముందు గుర్తొచ్చింది, మొదటిసారి నన్ను ఈ మెట్లెక్కించిన మనిషి. ఆమె పోయి రెండో వేసవి ఇది. ఉండి ఉంటే అక్కడ్నించే ఫోను చేసేదాన్ని. "ఆపమన్నారా? ఎందుకాపమన్నారో అడిగినావా, లేక తలకాయూపి వచ్చేసినావా?" అనేది. నేను మళ్ళీ లోపలికి వెళ్ళి అడిగి వచ్చేదాన్ని.

నేను తెలుగు చెప్పిన ఆడపిల్లల హైస్కూల్లో ఆమె డ్రిల్లు టీచరు. నాకంటే పద్నాలుగు పదిహేనేళ్ళు పెద్ద. మా అందరికీ అక్క. సముద్రం ఒడ్డున చేపలు పట్టి బతికే వాళ్ళ పాళెంలో పుట్టి, వలలు లాగిన భుజాలతో జిల్లా పోటీల్లో ఇనప గుండు విసిరి, ఆ విసురుతోనే ఉద్యోగంలోకి వచ్చిందని చెప్పుకునేవారు. ఆమె మాత్రం ఆ కబుర్లేవీ చెప్పేది కాదు. వాయిలు చీర మీద కాన్వాసు బూట్లు వేసుకుని, కుచ్చిళ్ళు చీలమండ పైకి దోపి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడేది. మెడలో విజిలుండేది గానీ ఊదినట్టు నాకు గుర్తులేదు. రెండు చేతులూ ఒక్కసారి చరిచేది. గ్రౌండు అవతలి కొసనున్న పిల్ల కూడా ఆగిపోయేది.

ఆమెకు ఒక మాటంటే పడదు. "ఏదో". "ఏదో నలతగా ఉంది టీచర్" అని ఏ పిల్లైనా డ్రిల్లు ఎగ్గొట్టబోతే, "ఏదో అంటే ఏంది? కడుపునొప్పా? ముట్టా? ఇంట్లో కొట్టినారా? సరిగ్గా చెప్పు, కూర్చోబెడతా. ఏదో అంటే మాత్రం పరిగెత్తాల" అనేది. పిల్లలు మొదట సిగ్గుపడేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి, తలెత్తి, "ముట్టు టీచర్, రెండో రోజు" అని చెప్పేవాళ్ళు. ఆమె చెట్టు నీడ చూపించేది.

తన సంగతీ అంతే. ఒక ఏప్రిల్లో పరీక్షల గురించి స్టాఫ్ మీటింగు. పైనున్న ఫ్యాన్ కాలిపోయి ఉంది. హెడ్మాస్టరుగారి పక్కన స్టాండు ఫ్యాన్ ఒక్కటే తిరుగుతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె ముఖం ఒక్కసారిగా ఎర్రబారింది. మెడ మీద చెమట ధారగా దిగింది. లేచి నిలబడింది.

"సార్, ఆ ఫ్యాన్ ఇటు తిప్పండి."

"అందరికీ ఉక్కగానే ఉంది గదమ్మా" అన్నారాయన.

"అందరిదీ ఎండ ఉక్క సార్. నాది వేరే. నాకు ముట్లు ఆగిపోయినాయి. లోపల్నించి సెగ లేస్తా ఉండాది. కాసేపుంటది, పోతది. ఆ కాసేపు ఫ్యాన్ నాకియ్యండి."

లెక్కల మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. మాలో ఇద్దరం నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాం. హెడ్మాస్టరుగారు మాత్రం లేచి, ఫ్యాన్ ఎత్తి తెచ్చి ఆమె ముందు పెట్టారు. పెట్టి, కాస్త తగ్గు గొంతుతో, "మా ఇంట్లో కూడా ఇదే తంతమ్మా. నేను కోపమనుకుంటా ఉండా" అన్నారు.

"కోపం కూడా ఉంటది సార్. రెండూ ఉంటాయి" అంది అక్క, కళ్ళు మూసుకుని గాలికి ముఖం ఇచ్చి.

ఆ రోజు నవ్విన నాకు, మరుసటి ఏడాదే ఆ సెగ ఏమిటో తెలిసింది. అప్పుడు నాకు ముప్పై ఎనిమిది. నెలనెలా రక్తం ఆగకుండా పోతుంటే ఒక నర్సింగ్ హోములో చూపించుకున్నాం. గర్భసంచి తీసేయాలన్నారు. "దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే మళ్ళీ ఈ బాధలేవీ ఉండవు" అన్నారు. బాధలుండవంటే ఎవరు వద్దంటారు? తీయించుకున్నాను.

కుట్లు మానాయి. ఆ తర్వాత మొదలైంది. ఛాతీలోంచి సెగ లేచి చెవుల దాకా పాకేది. జాకెట్టు తడిసిపోయేది. నిద్ర లేదు. వేళ్ళ కణుపులు పొద్దున్నే ముడుచుకునేవి కావు. ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియక వంటింట్లో నిలబడి ఏడ్చేదాన్ని. మా అత్తగారు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. మా ఆయన కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసి వచ్చి, నా ముఖం చూసి, మా పాపకు అన్నం పెట్టి, తనే పెట్టుకుని తినేవాడు. అందరూ మంచివాళ్ళే. "ఆపరేషనైంది గదా, ఏదో నీరసం" అనేవాళ్ళు. నేనూ అదే అనుకున్నాను.

ఒకరోజు పదో తరగతికి సంధులు చెబుతున్నాను. వాక్యం మధ్యలో మాట పోయింది. వందలసార్లు చెప్పిన పాఠం. చేతిలో సుద్దముక్క ఉంది, బోర్డు మీద సగం రాసిన పదం ఉంది, మిగతా సగం ఏమిటో తెలియలేదు. పిల్లలు కిసుక్కుమన్నారు. తర్వాత వాళ్ళకే భయమేసి ఊరుకున్నారు. నేను సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. నీళ్ళ ట్యాంకు వెనక అరుగు మీద కూర్చుని, ఇక ఈ ఉద్యోగం నా వల్ల కాదు, సాయంత్రమే హెడ్మాస్టరుగారికి చెప్పేస్తాను అని నిర్ణయించుకున్నాను.

అక్క గ్రౌండులోంచి చూసినట్టుంది. వచ్చి ముందు నిలబడింది.

"ఏందమ్మే, క్లాసు వదిలేసి ఈడ కూర్చున్నావు?"

"ఏం లేదక్కా. ఏదో..."

"ఏదో అంటే ఏంది?"

చెప్పాను. సెగలు, నిద్ర, మర్చిపోవడం, ఏడుపు, అన్నీ. చివరికి, "మతి పోతా ఉండాదేమో అక్కా. ఉద్యోగం మానేస్తా" అన్నాను.

ఆమె ఓదార్చలేదు. "ఎప్పట్నించి?" అంది.

"ఆపరేషన్ తర్వాత."

"ఏం తీసినారు?"

"గర్భసంచి."

"అండాశయాలో?"

"అవి కూడా."

అప్పుడు వచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపు బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది. "అంటే నీకు ముప్పై ఎనిమిదేళ్ళకే ముట్లుడిగిపోయినట్టు. నాకు యాభై ఏళ్ళకి మెల్లంగా ఆగితేనే ఇట్టుంది. నీకు స్విచ్చి ఆపినట్టు ఒక్కసారిగా ఆపినారు. ఆపితే ఏమైతదో నీకెవరన్నా చెప్పినారా?"

"లేదక్కా."

"మతి యాడికీ పోలా. ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడదాం. శనివారం నెల్లూరు పోతా ఉండాం."

"ఆయన్ని అడిగి చెప్తానక్కా."

"చెప్పు. అడగబాకు."

శనివారం బస్సులో వెళ్ళాం. బస్సు కొడవలూరు దాటింది. నాట్లేసిన మళ్ళలో నీళ్ళు మెరుస్తున్నాయి. ఆసుపత్రిలో కూర్చోడానికి చోటు లేదు, అందరూ కడుపుతో ఉన్నవాళ్ళే. చీటీలు రాసే అమ్మాయి తల ఎత్తకుండా, "ఎన్నో నెల?" అని అడిగింది.

"నెలలన్నీ అయిపోయినాయమ్మా. అయిపోయినాక సంగతి అడిగేదానికొచ్చినాం" అంది అక్క. ఆ అమ్మాయి తలెత్తి చూసి నవ్వింది. మా పేర్లు రాసుకుంది.

డాక్టరమ్మ తొందరపడలేదు. నా ఆపరేషను కాగితం చదివింది. మా ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సరుందా, నాకెప్పుడైనా కాలి నరాల్లో రక్తం గడ్డ కట్టిందా, రక్తపోటుందా, అన్నీ అడిగింది. పరీక్ష చేసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. చిన్న వయసులో అండాశయాలు తీసేస్తే, ఒంటికి అందాల్సిన హార్మోను అందకుండా పోతుందట. సెగలూ నిద్రా అటుంచి, ఎముకలకీ గుండెకీ కూడా అది లోటేనట. "మామూలుగా ఆగిపోయే వయసు దాకా బయటినుంచి ఇద్దాం. గర్భసంచి లేదు గాబట్టి మీకు ఒక్క హార్మోనే చాలు. ఏడాదికోసారి మాత్రం తప్పకుండా వచ్చి చూపించుకోవాలి" అంది.

"ఆ బిళ్ళలు మింగితే క్యాన్సర్ వస్తుందంటారు గదండీ" అన్నాను.

"వయసు మళ్ళినాక మొదలుపెట్టేవాళ్ళకీ, రెండు రకాల హార్మోన్లు వాడేవాళ్ళకీ ఆ లెక్క వేరమ్మా. మీ వయసులో ఉండాల్సింది మీలో లేదు. లేనిదాన్ని తిరిగి ఇస్తున్నాం, అంతే."

నాకు ఏడుపొచ్చింది. ఒక మనిషి నాకు జరిగిందేమిటో నాకు చెప్పడం అదే మొదలు.

డాక్టరమ్మ అక్క వైపు తిరిగింది. "మీకేమిటమ్మా?"

"నాకూ సెగలుండాయి. ఆ బిళ్ళ మాత్రం నాకియ్యరు. తెలుసు."

"ఎందుకివ్వం?"

"నాకు ఎడమ రొమ్ము లేదు. చెన్నైలో తీసేసినారు. జబ్బు మళ్ళీ రాకుండా చాన్నాళ్ళు మాత్రలు కూడా మింగినా."

నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. ఎన్నో ఏళ్ళు ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నాం. ముట్లు ఆగిపోయాయని హెడ్మాస్టరు ముందు చెప్పిన మనిషి, ఈ ఒక్కటీ మాలో ఎవరికీ చెప్పలేదు.

"మీరన్నది నిజమే. మీకివ్వను" అంది డాక్టరమ్మ. ఆమెకు సెగలకు హార్మోను లేని వేరే బిళ్ళ రాసింది. ఎముకల పరీక్షకు పంపింది. ఎముకలు పలచబడ్డాయని తేలింది. వయసుతో పాటు ఆ పాత మాత్రలు కూడా అందుకు కారణమేనంది. ఎముకలకు సూది మందు, కాల్షియం, డి విటమిన్ రాసి, "పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, చిన్న చేపలు బాగా తినండి. నడవండి, బరువులెత్తండి. పడకండి" అంది.

"పడను" అంది అక్క, ఒప్పందం చేసుకున్నట్టు.

తిరుగు బస్సులో నేను ఆగలేక, "మాకెందుకు చెప్పలేదక్కా?" అన్నాను.

ఆమె కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "ముట్లు ఆగినాయంటే మీరు నవ్వినారు. రొమ్ము తీసేసినారంటే ఏడుస్తారు. రోజూ ఏడ్చే ముఖాల మధ్య పని చెయ్యలేనమ్మే. నవ్వేవాళ్ళయితే నయం."

బిళ్ళలు తెచ్చుకున్నానే గానీ వేసుకోవడం అంత సులువుగా మొదలవలేదు. ప్లాంటులో ఎవరో మా ఆయనకు, హార్మోన్ బిళ్ళలు మింగిన ఆడవాళ్ళు క్యాన్సరొచ్చి పోతారని చెప్పారు. ఆయన అరవలేదు, కొట్లాడలేదు. బిళ్ళల అట్ట తీసి అటక మీద పెట్టి, "పిల్లకి నువ్వు కావాల. నాకూ కావాల" అన్నాడు.

అక్కకు చెప్పాను. ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి గిన్నె నిండా చేపల పులుసుతో మా వాకిట్లో ఉంది. మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తను స్టూలు మీద కూర్చుంది.

"తమ్ముడా, నీ భయంలో తప్పు లేదు. ఆ జబ్బు ఎట్టా ఉంటదో నీకు చెప్పినోళ్ళకి తెలియదు. నాకు తెలుసు. నాకొచ్చింది."

మా ఆయన తలదించుకున్నాడు.

"నాకు ఆ బిళ్ళ పడదు. నీ భార్యకి అదే మందు. ఇద్దరం ఆడోళ్ళమే గానీ ఇద్దరి ఒళ్ళూ ఒకటి కాదు. నా మాట నమ్మబాకు. ప్లాంటులో వాళ్ళ మాటా నమ్మబాకు. నువ్వే పోయి డాక్టరమ్మని అడుగు. నీ మనసులో ఉండేదంతా అడుగు. అడగడానికి సిగ్గుపడితే మాత్రం నేను ఊరుకోను."

ఆయన తర్వాతి వారం సెలవు పెట్టి నాతో వచ్చాడు. డాక్టరమ్మ ముందు మొదట్లో నీళ్ళు నమిలినా, అడగాల్సినవన్నీ అడిగాడు. ఇంటికొచ్చి స్టూలేసుకుని అటక ఎక్కి అట్ట దించాడు. మర్నాటి నుంచి ఇడ్లీ పళ్ళెం పక్కన బిళ్ళ ఆయనే పెట్టేవాడు.

మాయ ఏమీ జరగలేదు. మోకాళ్ళు నొప్పిగానే ఉండేవి, మర్చిపోవడం నెమ్మదిగా తగ్గింది. కానీ కొన్ని వారాలకు ఒకరోజు కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ ఉంది. రాత్రి ఎప్పుడు గడిచిందో నాకు తెలియలేదు. అప్పుడే తెల్లారిందా అని ఎన్నాళ్ళకో అనుకున్నాను. ఆ ఏడు మా పదో తరగతికి సంధులన్నీ నేనే చెప్పాను.

అక్కకు ఆ సుఖం దొరకలేదు. ఆమె సెగలు తగ్గాయే గానీ పోలేదు, చాలా ఏళ్ళు లేస్తూనే ఉన్నాయి. ఆమె వాటితో పంతం పట్టింది. టీ తాగితే సెగ ఎక్కువవుతోందని గమనించి టీ మానేసింది. మానేసిన మొదటి వారం పిల్లల్ని గ్రౌండు చుట్టూ ఎన్ని రౌండ్లు పరిగెత్తించిందో వాళ్ళనే అడగాలి. మధ్యాహ్నం హాట్‌బాక్సులో రాగి సంకటి తెచ్చుకునేది, దాంట్లోకి నెత్తళ్ళ పులుసు. ఆ చిన్న చేపల్ని ముల్లు తీయకుండా కరకరా నమిలేది. నేను ముల్లు తీసి పక్కన పెడితే, "ఒసే, ఎముకకి కావాల్సింది ఆ ముల్లులోనే ఉండాది. నువ్వు దాన్ని పిల్లికేస్తా ఉండావు" అనేది. సైన్సు టీచరొకామె సోయా పొడి డబ్బాలు తెచ్చి, ఇది తింటే హార్మోను మళ్ళీ ఊరుతుందని స్టాఫ్ రూములో అమ్మబోయింది. అక్క ఒక డబ్బా మూత తీసి వాసన చూసి, "తింటా, పిండి బాగుంటే రొట్టె చేసుకుని తింటా. మందని మాత్రం చెప్పబాకు. దీన్ని నమ్మి ఎవరన్నా డాక్టరు దగ్గరికి పోవడం మానేస్తే ఎవరు జవాబు చెప్తారు?" అంది. సైన్సు టీచరు కొన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు ఆమే వచ్చి, ముట్లాగిన రెండేళ్ళకు మళ్ళీ రక్తం కనబడుతోందని అక్క చెవిలో చెప్పింది. ఆ సాయంత్రమే ఇద్దరూ నెల్లూరు బస్సెక్కారు. ఆమెకు తేలింది గర్భసంచిలో చిన్న కాయే, తీసేశారు, బాగుంది. సోయా డబ్బాలు మాత్రం మళ్ళీ కనబడలేదు.

రిటైరయ్యాక అక్క తన పాళెం చేరింది. కొడుకు, కోడలు అక్కడే ఉంటారు. ఊరికే కూర్చునే మనిషా? చేపలెండబెట్టే ఆడవాళ్ళను, నడుములు వంగడం మొదలైనవాళ్ళను, పొద్దు వాలే వేళకు ఇసకలోకి పిలిచి, ఖాళీ నూనె డబ్బాల్లో ఇసక పోసి ఎత్తించేది, కూర్చోబెట్టి లేపేది. "ముసలోళ్ళకి డ్రిల్లేందమ్మా!" అని మగవాళ్ళు పడవల మీద కూర్చుని నవ్వేవారు. "నవ్వుకోండ్రా, రేపు తుంటి విరిగితే మోసేది మీరే" అనేది. ఒకసారి నేను వెళ్ళినప్పుడు నా చేతికీ ఒక డబ్బా ఇచ్చింది.

నిరుడికి ముందు సంవత్సరం సంక్రాంతి సెలవులు పోయి స్కూలు తెరిచిన రోజుల్లో ఫోను చేసింది. ఎప్పట్లాగే చుట్టుతిరుగుడు లేదు.

"అమ్మే, జబ్బు తిరిగొచ్చింది. వెన్నులోకి పాకింది. మందిస్తా ఉండారు. నొప్పి తగ్గేదానికే గానీ పోయేదానికి కాదంట. నేనే అడిగి తెలుసుకున్నా."

నేను ఏడ్చాను. నా ఏడుపు అయ్యాక ఆమె, "ఇదిగో, అందుకే అప్పుడు చెప్పలా" అంది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం పూట చూడ్డానికి వెళ్ళాను. వరండాలో మంచం మీద ఉంది. ఆ భుజాలు ఎముకలుగా మిగిలాయి. నన్ను చూడగానే కోడలిని పిలిచి చెప్పులు తెమ్మంది.

"యాడికక్కా?"

"నీళ్ళ దాకా. డాక్టరమ్మని అడిగినా. మెల్లగా నడవొచ్చన్నారు. నువ్వొస్తే పోదామని చూస్తా ఉండా."

కోడలు నా వైపు భయంగా చూసింది. అక్క మంచం పట్టె పట్టుకుని తనంతట తనే లేచింది. నేను మోచేయి అందుకోబోయాను.

"పట్టుకోబాకు. పక్కన నడువు."

పక్కన నడిచాను. ఇసకలో అడుగు పెట్టి, నిలదొక్కుకుని, మళ్ళీ అడుగు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది. ఆగినప్పుడల్లా, ఆగింది అలసటతో కాదన్నట్టు, ఏదో ఒకటి చూపించేది. కొత్త పడవకు వేసిన రంగు. ఎండిన చేపల చుట్టూ కాకులు. ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు పనులాపి చూస్తూ నిలబడ్డారు. ఎవరూ దగ్గరికి రాలేదు. ఆమె ఊరుకోదని వాళ్ళకు తెలుసు.

నీళ్ళు వచ్చి పాదాలు తడిపాయి. ఆమె చెప్పులు విడిచి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. గాలికి పమిట ఎగురుతోంది. ఎడమవైపు బల్లపరుపుగా ఉంది. సర్దుకోలేదు. చాలాసేపు అలాగే నిలబడి, "బాగుంది" అంది.

తర్వాత నా వైపు తిరిగి, తనే చెయ్యి చాపింది.

"ఇప్పుడు పట్టుకో."

పట్టుకున్నాను. నా భుజం మీద ఆనుకుని, ఆమె తిరుగు దారంతా నడిచి వచ్చింది.